పాత డర్ట్ బైక్‌కు అరిగిన గేర్ లీవర్ మార్చే పద్ధతి

వానాకాలం నడుమకు వచ్చేసరికి బెంగళూరు చుట్టుపక్కల ఎర్రమట్టి దారుల్లో తిరిగే పాత బండ్లలో ఒక జబ్బు తరచుగా బయటపడుతుంది. కాలితో లీవర్‌ను పైకి ఎత్తితే లీవర్ లేస్తుంది గానీ గేరు మారదు. రెండోసారి గట్టిగా ఎత్తితే మారుతుంది. కొన్ని రోజులకు మూడోసారికి గానీ మారదు. చివరికొక రోజు ఎక్కడో గుట్ట మీద లీవర్ షాఫ్ట్ చుట్టూ ఊరికే తిరగడం మొదలుపెడుతుంది. లీవర్ లోపలి పళ్లు అరిగిపోవడమే దీనికి కారణం. మార్చడం పెద్ద పని కాదు. బోల్టు మొరాయించకపోతే అరగంటలో అయిపోతుంది. అయితే ఆ అరగంటలో జరిగే చిన్న పొరపాటు ఇంజన్ విప్పించేదాకా తీసుకుపోగలదు కాబట్టి, ఏ అడుగు ఎందుకు వేస్తున్నామో తెలుసుకుని వేయడం అవసరం.

గేర్ లీవర్, ఇంజన్ ఎడమ పక్కనుంచి బయటికి వచ్చే ఒక ఉక్కు షాఫ్ట్ కొసన కూర్చుంటుంది. షాఫ్ట్ కొస చుట్టూ సన్నని పళ్లు, లీవర్ కంత లోపల వాటికి సరిపడే పళ్లు ఉంటాయి. లీవర్ కంత ఒక పక్కన చీలి ఉంటుంది. ఆ చీలికకు అడ్డంగా పోయే బోల్టును బిగించినప్పుడు కంత ముడుచుకుని షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. షాఫ్ట్‌ను గట్టిపరచిన ఉక్కుతో చేస్తారు. లీవర్‌ను అల్యూమినియంతోనో, కాస్త మెత్తని ఉక్కుతోనో చేస్తారు. అంటే రెండింటిలో ముందు అరగవలసింది లీవరే. బోల్టు కొంచెం వదులైనా పళ్ల మధ్య వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది, మట్టినీళ్లు ఆ సందులో చేరి వాల్వులకు పూసే గ్రైండింగ్ పేస్టులా పనిచేస్తాయి. బండి నడిపినంతసేపూ ప్రతి గేరు మార్పూ ఒక రాపిడే అవుతుంది.

నా పాత 125 సీసీ బండికి ఈ జబ్బు ముదిరినప్పుడు నేను చిక్కబళ్లాపురం దాటి గుట్టల వైపు వెళ్లి ఉన్నాను. తిరుగుదారిలో రోడ్డు పక్కన ఒక షెడ్డులో లీవర్‌ను షాఫ్ట్‌కే వెల్డింగ్ చేయించి ఇల్లు చేరాను. రెండు నెలల తరువాత ముందు స్ప్రాకెట్ (చైనును నడిపే పళ్ల చక్రం) మార్చవలసి వచ్చింది. చాలా బండ్లలో లాగే నా బండిలోనూ లీవర్ ఊడితే తప్ప స్ప్రాకెట్ కవర్ బయటికి రాదు. గ్రైండర్‌తో వెల్డింగ్ కోయించేసరికి షాఫ్ట్ పళ్లు సగం పోయాయి, షాఫ్ట్ చుట్టూ ఇంజన్ నూనె కారకుండా ఆపే రబ్బరు ఆయిల్ సీల్ వెల్డింగ్ వేడికి అప్పటికే మాడి గట్టిపడి ఉంది. షాఫ్ట్ మార్చాలంటే అవతలి పక్కన క్లచ్ కవర్ తీసి, క్లచ్ బాస్కెట్ ఊడదీసి, అటునుంచి షాఫ్ట్‌ను లాగాలి. కొన్ని వందల రూపాయల లీవర్‌తో పోవలసిన ఖర్చు వేలకు చేరింది. అప్పటినుంచి ఈ పనిలో నేను పాటించే నియమం ఒకటే. లీవర్ ఎన్నిసార్లయినా పోవచ్చు, షాఫ్ట్ మాత్రం పోకూడదు. కింద చెప్పిన జాగ్రత్తల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క షాఫ్ట్‌ను కాపాడుకోవడానికే.

ఒక మినహాయింపు ముందే చెప్పాలి. మైసూరులో 1996 దాకా తయారైన యెజ్దీ వంటి బండ్లలో గేర్ లీవర్‌నే తిప్పి కిక్ రాడ్డుగా కూడా వాడతారు. వాటి అమరిక వేరు కాబట్టి ఈ పద్ధతిని వాటికి యథాతథంగా వాడకండి.

జబ్బు లీవర్‌దేనా?

మొన్న మారతహళ్లిలో ఉండే మదనపల్లె కుర్రవాడు ఒకడు తన బండి తీసుకువచ్చి, “అన్నా, గేర్‌బాక్స్ పోయిందంటున్నారు, ఇంజన్ విప్పాలట” అన్నాడు. విప్పే ముందు ఒక్క నిమిషం ఆగమని చెప్పి, షాఫ్ట్ కొసను గుడ్డతో తుడిచి, తెల్ల పెయింట్ మార్కర్‌తో షాఫ్ట్ మీదనుంచి లీవర్ మీదకు ఒక గీత గీశాను. వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ లీవర్‌ను నొక్కాము. లీవర్ మీది గీత కిందికి జరిగింది, షాఫ్ట్ మీది గీత ఉన్నచోటే ఉంది. గేర్‌బాక్స్‌కు ఏమీ కాలేదు.

ఈ గీత పరీక్ష కంటే నమ్మదగినది నాకు తెలియదు. గీత విరిగితే పళ్లు జారుతున్నట్టు. గీత విరగకుండా షాఫ్ట్ లీవర్‌తో పాటే తిరుగుతూ, అయినా గేరు పడకపోతే జబ్బు లోపల ఉంది: క్లచ్ పూర్తిగా విడవకపోవచ్చు, షాఫ్ట్‌ను మళ్లీ నడుమకు తెచ్చే స్ప్రింగ్ విరిగి ఉండవచ్చు, లోపల గేర్లను జరిపే ఫోర్కు వంగి ఉండవచ్చు. అలాంటప్పుడు కొత్త లీవర్ కొనడం డబ్బు వృథా. గేరు మార్చిన తరువాత లీవర్ తనంతట తాను నడుమకు తిరిగి రాకుండా కిందనో పైననో నిలిచిపోతుంటే, లోపలి స్ప్రింగును గానీ వంగిన షాఫ్ట్‌ను గానీ అనుమానించాలి.

రెండో పరీక్ష కంటితో చేసేది. బోల్టు బిగించి ఉండగా లీవర్ చీలికలో ఎంతో కొంత సందు కనిపించాలి. చీలిక అంచులు రెండూ ఒకదానికొకటి తగిలి ఉంటే, బోల్టును ఇంకెంత బిగించినా ఆ బలం అంచుల మీదే పడుతుంది గానీ షాఫ్ట్ మీద పడదు. అంటే లీవర్ పని అయిపోయింది. రంపపు బ్లేడుతో ఆ చీలికను వెడల్పు చేసి మళ్లీ బిగించే అలవాటు చాలా చోట్ల ఉంది. ఊరు చేరడానికి అది పనికివస్తుంది. అదే శాశ్వత చికిత్స అనుకుంటే మాత్రం, పైపైన పట్టిన నాలుగు పళ్లు షాఫ్ట్ పళ్ల కొసలను కూడా కొరికేస్తాయి.

లీవర్ చివర మడిచే ముక్క ఉన్న బండ్లలో, కాలు పెట్టే ఆ ముక్క పిన్ను అరిగి ఊగిసలాడుతుంటే కూడా గేరు సరిగా పడనట్టే అనిపిస్తుంది. దానికి లీవర్ మొత్తం మార్చనక్కరలేదు. పిన్ను, స్ప్రింగు మారిస్తే సరిపోతుంది.

కొత్త లీవర్ ఎంచుకోవడం

బెంగళూరులో ఉన్నవారికి జేసీ రోడ్డు, కలాసిపాళ్యం విడిభాగాల అంగళ్లు, పనిముట్లకు ఎస్‌జేపీ రోడ్డు తెలిసినవే. 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్లకు లీవర్ దొరకడం కష్టం కాదు. దిగుమతి చేసుకున్న పాత డర్ట్ బైక్‌కు, తయారీ ఆగిపోయిన బండికి మాత్రం సరిగ్గా అదే లీవర్ దొరక్కపోవచ్చు, మరో బండి లీవర్‌ను సరిపెట్టుకోవలసి రావచ్చు. అప్పుడు పాత లీవర్‌ను చేతిలో పట్టుకుని వెళ్లడం ఒక్కటే సరైన దారి. బండి పేరు చెప్పి తెచ్చుకున్న లీవర్ కంటే పాతదాని పక్కన పెట్టి పోల్చి తెచ్చుకున్న లీవర్ మేలు.

పోల్చవలసిన వాటిలో మొదటిది కంత కొలత. చిన్న బండ్లలో షాఫ్ట్ వ్యాసం చాలావరకు 12, 13 మిల్లీమీటర్ల దాపున ఉంటుంది. వెర్నియర్‌తో షాఫ్ట్‌నే కొలవండి, అరిగిన లీవర్ కంతను కొలిస్తే తప్పు అంకె వస్తుంది. రెండోది పళ్ల లెక్క. ఒక పన్ను మీద మార్కర్‌తో చుక్క పెట్టి, సూది మొనతో ఒక్కొక్క పన్నునూ తాకుతూ చుక్క దగ్గరికి తిరిగి వచ్చేదాకా లెక్కపెట్టాలి. వ్యాసం ఒకటే అయినా పళ్ల సంఖ్య వేరుగా ఉన్న లీవర్లు ఉంటాయి. అలాంటిది కొంచెం బలం పెడితే షాఫ్ట్ మీదకు ఎక్కినట్టే ఎక్కుతుంది, ఎక్కిన మరుక్షణం నుంచి పళ్లను నమలడం మొదలుపెడుతుంది. సరైన లీవర్ చేత్తో నెడితే జారుకుంటూ పోవాలి, బోల్టు బిగించక ముందే అటూ ఇటూ కదిపితే దాదాపు లూజు ఉండకూడదు.

మూడోది పొడవు, నాలుగోది లీవర్ ఇంజన్‌కు ఎంత ఎడంగా వంగి ఉందన్నది. కంత నడుమనుంచి కాలు పెట్టే కొస దాకా ఉన్న దూరం పాతదానితో పోలిస్తే ఒక సెంటీమీటరు ఎక్కువైనా, పెద్ద బూటు వేసుకునేవారికి అది సౌకర్యమే కావచ్చు. తక్కువైతే మాత్రం గేరు గట్టిగా అనిపిస్తుంది. లీవర్‌కు, ఇంజన్ ఎడమ పక్కనున్న మ్యాగ్నెట్ కవర్‌కు మధ్య కనీసం ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా చూసుకోవాలి. బండి పడినప్పుడు లీవర్ లోపలికి వంగి కవర్‌ను పగలగొట్టే అవకాశం ఆ ఖాళీ లేకపోతే ఎక్కువ.

ఉక్కు మంచిదా, అల్యూమినియం మంచిదా అని చాలామంది అడుగుతారు. ఉక్కు లీవర్ పడినప్పుడు వంగుతుంది, వంగితే మళ్లీ సరిచేసుకోవచ్చు. అల్యూమినియం లీవర్ తేలిక, కానీ రెండు మూడుసార్లు వంచి సరిచేస్తే పగులు వచ్చి విరుగుతుంది. పాత బండికి, మారుమూల దారుల్లో తిరిగేవారికి నేను ఉక్కు లీవర్‌నే సూచిస్తాను. పగిలిన ముక్కతో ఏమీ చేయలేము, వంగినదాన్ని ఏ పల్లెలోనైనా కమ్మరి కొలిమి దగ్గర సరిచేయించుకోవచ్చు. ఏ లీవర్‌నైనా షాఫ్ట్ మీద ఉండగా మాత్రం వంచకండి. విప్పి, వైస్‌లో పెట్టి వంచాలి. బండి మీదే పైపు తగిలించి లాగితే లీవర్ కంటే ముందు షాఫ్టే వంగవచ్చు.

కొత్త లీవర్‌తో పాటు కొత్త బోల్టు, షాఫ్ట్‌కు సరిపడే ఆయిల్ సీల్ కూడా తెచ్చుకోండి. రెండూ చౌకే. బోల్టు ఎక్కువ బండ్లలో ఎం6 కొలత, అంటే 6 మిల్లీమీటర్ల మందం, 8.8 గట్టిదనం ఉన్నది చాలు. పొడవు మాత్రం పాతదాని పొడవే ఉండాలి. అవతలి వైపు మూసి ఉన్న కంతలో పొడవాటి బోల్టు అడుగును తాకి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే అనిపిస్తుంది గానీ లీవర్ పట్టు బిగియదు.

విప్పడం

ఇంజన్ చల్లారాక బండిని స్టూలు మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచాలి. లీవర్ చుట్టూ ఉన్న మట్టిని వైర్ బ్రష్‌తో, కిరోసిన్‌తో కడిగాక, బోల్టు తలలో మట్టి నిండి ఉంటే సూదితో తీసేయాలి. సాకెట్ పూర్తిగా కూర్చోకుండా తిప్పిన బోల్టు తలే గుండ్రంగా అరిగిపోతుంది. తరువాత డబ్ల్యూడీ-40 వంటి నూనెను బోల్టు మీద, చీలికలో, షాఫ్ట్ కొసన చల్లి వదిలేయాలి. ఏళ్ల తరబడి ఊడని లీవరైతే ముందురోజు రాత్రే చల్లి పెట్టడం మంచిది, ముఖ్యంగా ఉక్కు షాఫ్ట్ మీద అల్యూమినియం లీవర్ ఉన్నప్పుడు. ఆ రెండు లోహాల మధ్య తడి చేరితే తెల్లటి బూజులాంటి తుప్పు పట్టి అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

విప్పే ముందు పాత లీవర్ ఏ కోణంలో ఉందో గుర్తు పెట్టుకోవాలి. చాలా షాఫ్ట్‌ల కొసన ఒక చుక్క కొట్టి ఉంటుంది, లీవర్ మీద దానికి ఎదురుగా మరొక చుక్క గానీ, చీలిక గానీ ఉంటుంది. చుక్క లేకపోతే పెయింట్‌తో మీరే పెట్టుకోండి, పక్కనుంచి ఒక ఫొటో కూడా తీసుకోండి.

ఇప్పుడు బోల్టు. దీన్ని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. చాలా బండ్లలో షాఫ్ట్ పళ్ల నడుమ చుట్టూ ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచి అడ్డంగా పోతుంది. బోల్టు ఎప్పుడైనా వదులైనా లీవర్ దారిలో జారి పడిపోకుండా చేసిన ఏర్పాటు అది. ఈ సంగతి తెలియక బోల్టును సగం విప్పి, లీవర్ రావడం లేదని సుత్తితో కొట్టేవారిని చూశాను. అలా కొడితే బోల్టు గాడి అంచును చెక్కేస్తుంది. 10 మిల్లీమీటర్ల, కొన్ని బండ్లకు 8 మిల్లీమీటర్ల టీ-స్పానర్ గానీ సాకెట్ గానీ వాడండి. రెండు పక్కలే పట్టే ఓపెన్ స్పానర్ ఇక్కడ వద్దు.

బోల్టు వచ్చాక, వెడల్పాటి స్క్రూడ్రైవర్‌ను చీలికలో పెట్టి కొద్దిగా తిప్పితే కంత విచ్చుకుంటుంది. రెండు చేతులతో లీవర్‌ను కొంచెం కొంచెం ఊపుతూ నేరుగా బయటికి లాగాలి. ఇంజన్ కవర్‌ను ఆనుగా చేసుకుని స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి. ఆ కవర్ పోతపోసిన అల్యూమినియంతోనో మెగ్నీషియంతోనో చేసినది, పగులుతుంది. షాఫ్ట్ కొస మీద సుత్తితో కొట్టడం అంతకంటే చెడ్డ పని. ఆ దెబ్బ లోపల షాఫ్ట్‌కు ఉన్న వాషర్లు, క్లిప్పుల మీదికి పోతుంది.

అప్పటికీ రాకపోతే రెండు దారులున్నాయి. మొదటిది, చిన్న రెండు కాళ్ల పుల్లర్ తగిలించి, కాస్త బిగించి, లీవర్ మీద వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి కాసేపు ఆగడం. అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి తరచుగా ఇంతటితోనే పట్టు వదులుతుంది. గ్యాస్ మంట మాత్రం పెట్టవద్దు, వెనకాలే రబ్బరు సీల్ ఉంది. రెండోది, లీవర్ ఎలాగూ పారేయవలసినదే కాబట్టి దాన్ని కోసేయడం. చీలికకు ఎదురు పక్కన చిన్న హ్యాక్సా బ్లేడుతో కోస్తూ, షాఫ్ట్‌కు ఒక మిల్లీమీటరు దూరంలో ఆగిపోయి, ఆ గాటులో ఉలి పెట్టి తిప్పితే లీవర్ పగిలి విడిపోతుంది. బోల్టు తల విరిగిపోయినా ఇదే మార్గం. విరిగిన బోల్టును లీవర్‌లోంచి తీయడానికి గంటలు పోగొట్టుకోవద్దు, షాఫ్ట్‌కు గాటు పడకుండా చూసుకుంటే చాలు.

షాఫ్ట్, సీల్

లీవర్ ఊడిన తరువాత అందరూ కొత్తది వెంటనే తగిలించేస్తారు. నా దృష్టిలో ఈ పని మొత్తంలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన ఘట్టం ఇదే, ఎందుకంటే షాఫ్ట్ ఇంత తేటగా కనిపించే అవకాశం మళ్లీ ఎప్పుడో గానీ రాదు. పాత టూత్‌బ్రష్‌తో, కిరోసిన్‌తో పళ్లను కడిగి, ఎండబెట్టి, టార్చి వేసి చూడండి. పళ్ల లోయల్లో తెల్లగా మెరిసే అల్యూమినియం పొర ఉంటే అది పాత లీవర్ తాలూకు పళ్ల పొడి. సూది మొనతో గీకితే లేచిపోతుంది. పళ్ల కొసలు వంగి ఉంటే సన్నని త్రికోణపు ఆకురాయితో ఒక్కొక్క లోయలో రెండు మూడుసార్లు మాత్రం రుద్దండి. ఆకారం తిరిగి తీసుకురావడమే ఇక్కడి పని, లోహం తీయడం కాదు. ఒకటి రెండు పళ్లు పూర్తిగా పోయినా, తక్కినవన్నీ నిలిచి ఉంటే కొత్త లీవర్ గట్టిగానే పట్టుకుంటుంది. ఒక పక్క మొత్తం నున్నగా అయిపోతే షాఫ్ట్ మార్చక తప్పదు.

షాఫ్ట్ వంగిందేమో చూడటానికి, కొసకు మందపాటి గుడ్డ చుట్టి ప్లయర్‌తో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా తిప్పండి. కొస ఒకేచోట తిరగాలి. అది గిరగిరా చుట్టు వేస్తే, లేదా ఒక వైపుకు మాత్రమే గట్టిగా అనిపిస్తే వంగినట్టే. అలాంటి షాఫ్ట్ సీల్‌ను ఎప్పుడూ ఒక పక్కనే తింటుంది కాబట్టి, ఎన్ని సీళ్లు మార్చినా నూనె కారుతూనే ఉంటుంది.

షాఫ్ట్ చుట్టూ నూనె తడి, దాని మీద మట్టి గడ్డకట్టి ఉంటే ఆయిల్ సీల్‌ను ఇప్పుడే మార్చండి. చాలా ఇంజన్లలో ఇది బయటినుంచే వస్తుంది, కొన్నింటిలో లోపలి అంచు పట్టి ఉంచడం వల్ల రాదు. మీ బండిది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకున్నాకే మొదలుపెట్టండి. బండిని కుడి పక్కకు వాల్చి గోడకో దిమ్మెకో ఆనిస్తే ఇంజన్‌లోని నూనె అటు జరుగుతుంది, ఎడమ పక్కనుంచి కారదు. పాత సీల్ ఎంత లోతులో కూర్చుందో ముందు కొలుచుకోండి. చిన్న కొక్కెంతో సీల్ పెదవిని పట్టి లాగేటప్పుడు కొక్కెం మొన షాఫ్ట్‌కు గానీ కంత గోడకు గానీ గీసుకోకూడదు. కొత్త సీల్ లోపలి పెదవికి గ్రీజు రాసి, షాఫ్ట్ పళ్ల మీద ఒక చుట్టు సన్నని టేపు వేసి దాని మీదుగా నెట్టాలి. టేపు లేకుండా నెడితే ఆ పదునైన పళ్లు కొత్త సీల్ పెదవిని కోసేస్తాయి, సీల్ మార్చిన రోజే మళ్లీ కారడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. సీల్ వెలుపలి వ్యాసానికి కొంచెం చిన్నదైన సాకెట్‌ను ఆనించి, నలువైపులా సమంగా, పాత లోతుకే దించి, టేపు తీసేయండి.

బిగించడం

లీవర్‌ను ఏ పన్నులో పెట్టాలన్నది బూటు వేసుకుని నిర్ణయించాలి. చెప్పులతో నిలబడి అమర్చిన లీవర్, మందపాటి అడుగున్న మోటోక్రాస్ బూటుతో నడిపేటప్పుడు తప్పుతుంది. బూటు ముందు భాగం లీవర్ కిందికి దూరదు. బూటు వేసుకుని, బండి మీద కూర్చుని, పాదం ఫుట్‌రెస్ట్ మీద సమంగా ఉంచినప్పుడు లీవర్ కొస ఫుట్‌రెస్ట్ పై అంచుకు సమానంగానో కొద్దిగా పైననో ఉంటే చాలామందికి కుదురుతుంది. ఎక్కువసేపు నిలబడి నడిపేవారు నిలబడి కూడా చూసుకోవాలి. పాదాన్ని ఫుట్‌రెస్ట్ మీదనుంచి తీయకుండానే కొస కిందికి బూటు దూరాలి, కిందికి నొక్కేటప్పుడు చీలమండ మరీ వంగకూడదు. ఒక్క పన్ను మార్చితే ఎంత తేడా వస్తుందో లెక్క వేసుకోవచ్చు. షాఫ్ట్‌కు 30 పళ్లు ఉన్నాయనుకుంటే ఒక పన్నుకు 12 డిగ్రీలు. లీవర్ పొడవు 120 మిల్లీమీటర్లయితే కొస దాదాపు 25 మిల్లీమీటర్లు లేస్తుంది లేదా దిగుతుంది. రెండు పళ్ల నడుమ సరిగ్గా కుదరకపోతే కొంచెం పైకి ఉన్న పన్నునే ఎంచుకోండి. గేరు పెంచడానికి బూటు కింద దూర్చడం, తగ్గించడానికి నొక్కడం కంటే కష్టం.

పళ్లకు గ్రీజును పల్చగా, వేలితో తుడిచేసినంత పల్చగా రాయండి. తుప్పు పట్టకుండా అది చాలు. లీవర్‌ను నెట్టి, బోల్టు కంతలోంచి చూస్తే షాఫ్ట్ గాడి ఎదురుగా కనిపించేదాకా లోపలికి పోనివ్వాలి. బోల్టును మొదట వేళ్లతోనే తిప్పాలి. అది చివరిదాకా వేళ్లతో పోతే గాడి కుదిరినట్టు. మధ్యలో అడ్డం పడితే స్పానర్ తీసుకోకండి. లీవర్‌ను కొంచెం లోపలికో బయటికో జరిపి మళ్లీ ప్రయత్నించండి. బలవంతంగా తిప్పిన బోల్టు తన మరలతో గాడి అంచును కొరుకుతుంది, లీవర్ మరలూ పోతాయి.

బోల్టు మరలకు మధ్యస్థ పట్టు గల లాక్‌టైట్ 243 అనే జిగురు ఒక్క చుక్క వేస్తే అదిరిపోయే దారుల్లో వదులు కాదు. దాన్ని పళ్ల మీద మాత్రం పోయకండి, తరువాత విప్పేటప్పుడు మీకే కష్టం. ఎంత బిగించాలన్నది మీ బండి మాన్యువల్‌లోని అంకె ప్రకారమే. చాలా చిన్న బండ్లకు అది 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, కేటీఎం డర్ట్ బైక్‌ల ఎం6 బోల్టుకు 14 న్యూటన్ మీటర్లు, లాక్‌టైట్ 243తో అని ఇస్తారు. టార్క్ రెంచ్ లేనివారు ఒక అంచనా పెట్టుకోవచ్చు. 12 న్యూటన్ మీటర్లంటే పది సెంటీమీటర్ల పొడవున్న స్పానర్ చివర పన్నెండు కిలోల బరువు వేలాడదీసినంత. పొట్టి స్పానర్‌ను మణికట్టు బలంతో బిగిస్తే ఆ దాపుకు వస్తుంది, భుజం బలం పెడితే దాటిపోతుంది. బిగించాక చీలికలో సందు ఇంకా కనిపిస్తోందో లేదో చూడండి. కొత్త లీవర్‌తోనే చీలిక మూసుకుపోతే అది మీ షాఫ్ట్ కొలత లీవర్ కాదు. ఇంకా వాడక ముందే తిరిగి ఇచ్చేయండి.

లీవర్‌కు నేరుగా కాకుండా సన్నని రాడ్డుతో షాఫ్ట్‌ను కలిపే ఏర్పాటు ఉన్న బండ్లలో ఎత్తును ఆ రాడ్డు పొడవుతో సరిచేస్తారు. దాని ఒక చివర మామూలు మర, మరో చివర ఎడమ మర ఉంటుంది, అందుకే రాడ్డును తిప్పితే రెండు చివరలూ ఒకేసారి దగ్గరికో దూరానికో జరుగుతాయి. సరిచేశాక రెండు లాక్ నట్లనూ బిగించడం మరవకండి.

ఇప్పుడు వెనక చక్రం గాలిలో ఉండగా, ఇంజన్ ఆపే ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ పైకి, కిందికి వేసి చూడండి. చక్రం తిప్పకుండా వేస్తే కొన్ని గేర్లు పడకపోవడం సహజమే. ప్రతిసారీ లీవర్ నడుమకు తిరిగి వస్తోందా, ఏ గేరులోనైనా కవర్‌కు, ఫ్రేముకు, సైడ్ స్టాండుకు తగులుతోందా అన్నది గమనించాలి.

దారిలోనే జారితే

బ్యాగులో ఒక ఎం6 బోల్టు, చిన్న వైస్ గ్రిప్, కూల్‌డ్రింక్ డబ్బా నుంచి కత్తిరించిన అల్యూమినియం రేకు ముక్క పెట్టుకుంటే ఇల్లు చేరవచ్చు. పళ్లు జారుతుంటే బోల్టు తీసి, రేకును షాఫ్ట్ మీద ఒక చుట్టు చుట్టి లీవర్‌ను మళ్లీ నెట్టి బిగిస్తే కొంత దూరం పట్టు నిలుస్తుంది. లీవర్ విరిగిపోతే వైస్ గ్రిప్‌ను షాఫ్ట్ బయటి కొసన మాత్రమే తగిలించండి, లోపలి పళ్లు కొత్త లీవర్ కోసం నిలవాలి. ఏదీ కుదరకపోతే బండిని రెండో గేరులో పెట్టుకుని, క్లచ్ మీద జాగ్రత్తగా కదిలించి, ఆ ఒక్క గేరులోనే నెమ్మదిగా రావచ్చు. వెల్డింగ్ చేసేవారు ఎంత దగ్గరలో ఉన్నా ఆ పని చేయించకండి.

బిగించిన రోజు ఐదారు కిలోమీటర్లు నడిపి, ఇంజన్ చల్లారాక బోల్టును అదే బలంతో మరోసారి పరీక్షించాలి. లాక్‌టైట్ వేసిన బోల్టును మాత్రం ఇలా బిగించి చూడవద్దు. లాక్‌టైట్ గట్టిపడ్డాక బోల్టును కదిపితే దాని పట్టు పోతుంది. ఆ తరువాత షాఫ్ట్ మీదనుంచి లీవర్ మీదకు మళ్లీ తెల్ల గీత గీసి వదిలేయండి. బండి కడిగిన ప్రతిసారీ ఆ గీత తిన్నగా ఉందో లేదో చూస్తే సరిపోతుంది. గీత విరిగిన రోజే బోల్టు చూసుకున్నవారి లీవర్ చాలా కాలం నిలుస్తుంది, షాఫ్ట్ దాకా జబ్బు పోదు.